పాత జవాబు

నీదియా ఫిర్యాదును విల్మార్ మూడోసారి మూసేశాడు.

'మా దగ్గర అలా జరగడం లేదు' అని రాశాడు. అంతకుమించి ఒక్క మాట రాయలేదు.

రాజధాని మోంతెవిదేయో శివార్లలో ఒక పొడుగాటి గది. అయిదు కంప్యూటర్లు, అయిదుగురు మనుషులు. ప్రాక్సీ సర్వర్ బాగోగులు చూడడం వాళ్ళ పని. వివరాలు దాచి ఉంచే డేటాబేస్‌కీ, అడిగేవాళ్ళకీ మధ్య నిలబడే ప్రోగ్రాం అది. అడిగిన ప్రతిసారీ లోపలిదాకా పోదు. ఒకసారి తెచ్చిన జవాబును దగ్గరే ఉంచుకుని, మళ్ళీ ఎవరడిగినా అదే చెబుతుంది. దేశంలో సగం ఆఫీసులు దాని మీదే నడుస్తున్నాయి. జవాబు దాచుకునే ఆ భాగం రాసింది విల్మారే. అందులో తప్పుందని ఎవరైనా అంటే అతనికి ఒళ్ళు మండుతుంది.

నీదియా ఎక్కడో గుమాస్తా. ఫిర్యాదుల్లో మనుషుల పేర్లు, ఆఫీసుల పేర్లు రాయకూడదని నియమం. అందుకని తడుముకుంటూ రాసేది. తను మార్చిన వివరం తన తెర మీద మారిందట. అవతలి ఆఫీసు తెర మీద పాతదే ఉందట. ఫోన్ చేస్తే, తెర మీద ఏముంటే మాకదే ఖాయం అన్నారట. ఒక మనిషి ఊరికే అవస్థ పడుతున్నాడు, దయచేసి చూడండి అని చివర్లో రాసేది.

"దయచేసి, దయచేసి. అడుక్కునేదానిలా ఏం రాతలివి?" అన్నాడు విల్మార్.

పక్క టేబుల్ ఎల్బియో గొట్టంతో మాతే టీ పీలుస్తూ నవ్వాడు.

"నీ పనిలో తప్పుంటుందేంట్రా? చెయ్యాల్సిన తప్పంతా నిన్ను కన్నప్పుడే మీ అమ్మ చేసేసింది."

విల్మార్ నవ్వలేదు. అతని తొందర అతనిది. శనివారం కూతురు యమీలాకు పదిహేను నిండుతాయి. ఆ దేశంలో ఆడపిల్లకు అంతకన్నా పెద్ద పండగ లేదు. క్లబ్బు హాల్లో అందరి ముందూ మొదటి నాట్యం తండ్రితో చెయ్యాలి. తల్లి ఇప్పుడు రొబెర్తో అనే అతనితో ఉంటోంది. విల్మార్‌కు పిల్ల ఆదివారాలు మాత్రమే కనబడుతుంది. పోయిన ఆదివారం కుర్చీ అంచున కూర్చుని, గోళ్ళ రంగు గీరుకుంటూ చెప్పింది.

"నువ్వు రాకపోతే రొబెర్తోతో చేస్తా నాన్నా. తర్వాత నన్నేమీ అనొద్దు."

ఇంటికి వెళ్ళే కాగితం రావాలి. రెండు రోజులు పనిచేస్తే ఒక రోజు కలిసొస్తుంది అక్కడ. తొమ్మిదేళ్ళలో విల్మార్ ఒక్క పూట మానలేదు. జ్వరంతో కూడా వచ్చి కూర్చున్నాడు. అతని లెక్కన ఆ కాగితం పోయిన నెలాఖరుకే రావాలి. రోజూ పొద్దున్నే సూపర్వైజర్ మాబెల్‌ను అడుగుతాడు. ఆవిడ తెర చూస్తుంది. తల అడ్డంగా ఊపుతుంది.

సోమవారం నాడు ఆవిడే అతని టేబుల్ దగ్గరికి వచ్చింది. కొత్త వెర్షన్ శుక్రవారం బయటికి పోవాలంది. అప్పటికి ఒక్క ఫిర్యాదు కూడా తెరిచి ఉండకూడదంది. అలా చేసి చూపిస్తే అతని గురించి పైవాళ్ళకు నాలుగు మంచి మాటలు రాస్తానంది.

విల్మార్ తల ఎత్తకుండా పనిచేశాడు. వాడి వదిలేసిన కనెక్షన్లను తెంచకుండా పట్టుకునే లోపం సరిచేశాడు. ఒకరు అడిగినదానికి జవాబు ఇంకొకరికి పోయే లోపం సరిచేశాడు. చేతకానివి మూసేశాడు. మూయడానికి ఒక్క నొక్కు చాలు.

శుక్రవారం రెండింటికి నీదియా నాలుగోసారి రాసింది. ఈసారి కాగితం జత చేసింది.

'నియమం నాకు తెలుసు. అయినా పేరుతో సహా పంపుతున్నాను. ఆ పేరు పెట్టి మీరే అడిగి చూడండి. నాకు వేరే దారి లేదు.'

ఎల్బియో మెడ చాచి చూశాడు. "తెరిచి చూడరాదూ? నిమిషం పని."

"తెరిస్తే ఫిర్యాదు తీసుకున్నట్టే. తీసుకుంటే వెర్షన్ ఆగుతుంది. ఎవడి పేరయితే నాకేం?"

"ఎవడో అవస్థ పడుతున్నాడంటోంది కదరా."

"పడనీ. నేను పడలేదూ?"

కాగితాన్ని తెరవకుండానే చెరిపేశాడు. 'తెలిసి కూడా ఎవరిదో పేరు బయటపెట్టావు. నీలాంటిదానికి ఉద్యోగం ఇచ్చినవాణ్ణి అనాలి' అని జవాబు రాశాడు. ఇక నెల రోజుల పాటు ఆమె ఏమీ రాయడానికి వీల్లేకుండా అడ్డు పెట్టాడు. రాసిన మాటలు గదిలో అందరికీ వినబడేలా చదివాడు. ఎల్బియో కూడా నవ్వాడు.

నాలుగింటికి వెర్షన్ బయటికి పోయింది. నలభై ఒక్క లోపాలు సరిచేశాం, తెరిచి ఉన్న ఫిర్యాదులు లేవు అని కింద రాశారు. మాబెల్ మాట నిలబెట్టుకుంది. అతని ముందే కూర్చుని పైవాళ్ళకు రాసింది.

శనివారం విల్మార్ తెల్ల చొక్కా తొడుక్కుని ఆవిడ టేబుల్ ముందు నిలబడ్డాడు. గడ్డం గీసుకున్నచోట చిన్న గాటు. మాబెల్ రెండుసార్లు చూసింది.

"ఏమీ రాలేదు విల్మార్."

"ఇంకొక్కసారి చూడండి మేడమ్."

చూసింది. అదే జవాబు. సోమవారం చూద్దాంలే అంది.

అతను చొక్కా విప్పలేదు. నలుగుతుందని వీపు ఆనించకుండా సాయంత్రందాకా కూర్చున్నాడు. ఈపాటికి హాల్లో కుర్చీలు వేస్తూ ఉంటారు. రొబెర్తో బూట్లు తుడుచుకుంటూ ఉంటాడు.

ఆరింటికి గార్డు వచ్చి సెల్‌కు తాళం వేసి పోయేటప్పటికి, విల్మార్‌ను విడుదల చెయ్యమని జడ్జి ఇచ్చిన ఉత్తర్వును కోర్టు గుమాస్తా నీదియా కంప్యూటర్లో ఎక్కించి సరిగ్గా పన్నెండు రోజులైంది.