ఉప్పు చూసే మనిషి

అరవై దాటిన వాళ్లందరి చేతికీ వార్డు ఆరోగ్య కేంద్రం వాళ్లు పట్టీ కట్టారు. వద్దన్న ఉప్పు నోట్లో పడితే చాలు, ఇంటి తలుపు మూడు రోజులు తెరుచుకోదు. చప్పిడి కూడు, మందులు కిటికీలోంచి వస్తాయి. మర్యాదకు మాత్రం లోటుండదు.

సుభద్రాయమ్మ తలుపు ఇంకో గంటలో తెరుచుకుంటుంది. ఆమె అప్పుడే చెప్పులు వేసుకుని కూర్చుంది. ఇంతలో పక్కింటి రత్నమాల ఆవకాయ జాడీతో కిటికీ దగ్గరికొచ్చింది.

"ఆవకాయ పెట్టి ఇవాళ మూడో రోజు పిన్నిగారూ, తిరగ కలిపాను. కాస్త ఉప్పు చూసి పెట్టండి."

"నువ్వు చూసుకోలేవూ?"

"నేను నాకితే నా చేతి పట్టీ నన్నూ లోపలేసేస్తుందండీ. మీరెలాగూ లోపలే ఉన్నారు కదా!"

నలభై ఏళ్లుగా ఆ వీధి ఆవకాయలన్నిటికీ ఉప్పు చూసింది సుభద్రాయమ్మే. వద్దనబోయింది గానీ, ఆవఘాటు ముక్కుకు తగిలేసరికి చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. నాలిక్కి రాసుకుంది. ఉప్పు తక్కువైంది. సరిపోయిందనేస్తే గొడవే లేదు. కానీ జాడీడు కాయా బూజు పట్టిపోతుంది.

"చాల్లేదమ్మాయ్."

చేతి పట్టీ మెల్లగా మోగింది. "అమ్మమ్మగారూ, మరో మూడు రోజులు విశ్రాంతి తీసుకోండి."

సుభద్రాయమ్మ చెప్పులు విప్పేసింది.

రత్నమాల జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టుకుంది. "ఉప్పు కలిపి ఎల్లుండి మళ్లీ తెస్తానండి, చూద్దురుగాని."