నా గురి తప్పదు

తన కుక్కను నేను కొని, గొలుసు చేతికి తీసుకున్నప్పుడు ఆ పిల్ల ఏడవలేదు.

ఏడుస్తుందనే అనుకున్నాను. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవాణ్ణి కదా, నాలుగు ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని మరీ వెళ్లాను. అన్నీ వృథా అయ్యాయి.

తండ్రి మంచం మీంచే చూస్తున్నాడు. చెరువులోని జమ్ముగడ్డిలో ఉచ్చులు పన్ని, పిట్టలు పట్టి బతికిన మనిషి. జబ్బుపడ్డాక ఆ పని తొమ్మిదేళ్ల పిల్ల మీద పడింది.

"వేటకి ఈ చెరువుకే వస్తారా సార్?" అంది పిల్ల.

"ప్రతి ఆదివారం."

"పిట్టలు పడకపోతే?"

"పడకపోతే దీన్ని మేపడమెందుకు? అమ్మేస్తా!" అని నవ్వాను. నా హాస్యం అలాంటిది.

పిల్ల నవ్వలేదు. కుక్క చెవిలో ఏదో చెప్పి గుడిసెలోకి వెళ్లిపోయింది.

కుక్క పేరు మసి. నేను 'కమాండర్' అని మార్చాను. పలకలేదు. వారం తర్వాత మళ్లీ మసి అన్నాను. పలికింది. ఎవరు ఎవరికి శిక్షణ ఇస్తున్నారో నాకు అప్పుడే తెలియాల్సింది.

నిజానికి వేట మా డాక్టరు సలహా. "ఎప్పుడూ లోపలికే చూసుకుంటారు, కాస్త బయటికి చూడండి" అన్నాడు. చూద్దామనే వెళ్లాను. కానీ తుపాకీ మీట నొక్కగానే నాకు కళ్లు మూసుకుపోతాయి. తెరిచేసరికి ఆకాశం ఖాళీ. మసి మాత్రం జమ్ములోకి దూరి, చాలాసేపటికి నోట బాతుతో, తోకాడిస్తూ వస్తుంది.

వెనకాలే ఆ పిల్ల గట్టెక్కేది, నడుం దాకా బురదతో. బురదలో ఆడే వయసు మరి.

"పడిందా సార్?"

"పడక!"

మసి పిల్ల మీదికెక్కి ముఖమంతా నాకేది. పావుగంట వాళ్లిద్దర్నీ అలా వదిలేసేవాణ్ణి. నా ఉదారత.

"కాగితం ఉండ చెత్తబుట్టలో వెయ్యలేరు, బాతులెలా పడుతున్నాయండీ?" అనేది మా ఆవిడ.

"ఏకాగ్రత," అనేవాణ్ణి. ఈకలు పీకి కోసేది ఆవిడే. చంపిన వీరుణ్ణే గానీ, ఆ పని కళ్లతో చూడలేను.

పన్నెండు బాతులయ్యాక ఆ చెరువు నా స్థాయికి చిన్నదైపోయింది.

"వచ్చే వారం నుంచి ఏటికవతల పెద్ద చెరువుకి వెళ్తాం," అన్నాను.

పిల్ల ముఖం పాలిపోయింది. "వద్దు సార్. అక్కడ పడవు."

"నా గురి నాతోనే వస్తుందిగా పిచ్చిపిల్లా!"

'ఎడబాటు భయం' అని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

పెద్ద చెరువు దగ్గర పద్దెనిమిదిసార్లు పేల్చాను. మసి పద్దెనిమిదిసార్లూ జమ్మంతా గాలించి, ఖాళీ నోటితో తిరిగొచ్చింది. చివరికి పాత చెరువు వైపు ముఖం పెట్టి కూర్చుంది. పిలిచినా కదల్లేదు.

ఇంటికి రాగానే గొలుసు మేకుకి విసిరాను. పక్కన పడింది.

"కుక్క చెడిపోయింది. రేపే అమ్మేస్తా."

మా ఆవిడ గొలుసు తీసి మేకుకి తగిలించింది. నన్నూ మసినీ మార్చి మార్చి చూసింది.

"మీ సరదా ఎందుకు చెడగొట్టాలని ఇన్నాళ్లూ ఊరుకున్నానండీ," అంది, "మీరు తెచ్చిన బాతుల్లో ఒక్కదానిలోనూ గుండు లేదు, ప్రతిదాని కాలికీ ఉచ్చుతాడు కోసుకుపోయిన గాటు ఉంది."