ఏడో నంబర్

"నెల తప్పింది సారూ!" పాలకీడు నుంచి బస్సులో వచ్చిన సుక్కి, దవాఖాన కంపౌండర్ సీతారామయ్య చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

ఆయన తల పట్టుకున్నాడు. "ఎంత పని చేసినవమ్మా!"

"డాక్టరమ్మ ఇచ్చిన మందులు నేను మింగింది పిల్లల కోసమే కద సారూ?"

"నిజమే. గని పిల్లలు కావాలన్నోళ్లకు మా రిజిస్టర్ల నంబరే లేదు. వద్దన్నోళ్లకే ఉన్నయి. అందుకే నీకు మూడో నంబర్ ఏసిన, పిల్లలు పుట్టకుండ గోలీలు మింగేటామె అని."

"ఇప్పుడేమైతది?"

"ఇగ ఏడో నంబర్ ఎయ్యాలె, ఫ్యామిలీ ప్లానింగ్ ఫెయిల్ అని. పైనోళ్లు నన్ను తిడ్తరు."

సుక్కి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఎయ్యి సారూ. పదేండ్ల సంది గొడ్రాలన్న మాట పడ్డ. దేవుడు సల్లగ సూస్తే ఇంకో రెండుసార్లు ఫెయిలైత."