పక్క మనిషి

“పేక పంచనా?” అని అడిగాడు ఎర్విన్.

“ఓపిక లేదురా,” అంటూ ఓట్మార్ గుడారం మూలకు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం ఆరు కూడా కాలేదు. ఎర్విన్ ముక్కలు సర్ది రేకు డబ్బాలో పెట్టేశాడు. ఏడేళ్లుగా రేసు ముందురోజు ఇద్దరూ పేకాడకుండా పడుకున్నది లేదు. ఈ నెలరోజుల్లో మాత్రం ఒక్క ఆట ఆడితే ఒట్టు.

ఎర్విన్ సైడ్‌కార్ రేసుల్లో బండి నడుపుతాడు, అంటే పక్కన ఒక పలకా మూడో చక్రమూ బిగించిన మోటారు సైకిలు. ఓట్మార్ అతని పక్క మనిషి. కుడి మలుపు వస్తే పలక మీంచి ఒళ్లంతా బయటికి వేలాడేయాలి, ఎడమ మలుపు వస్తే వెనక చక్రం మీదికి ఎగబాకాలి. లేకపోతే బండి బోల్తా. అలాంటివాడు కుదరడం పెళ్లాం కుదరడం కన్నా కష్టమంటారు ఆ రేసులవాళ్లు. ఎర్విన్‌ను పెళ్లాం ఎప్పుడో వదిలేసి పోయింది. చలికాలమంతా స్టుట్‌గార్ట్‌లో షెడ్డు మీది గదిలో ఒక్కడే బిక్కుబిక్కుమంటూ గడుపుతాడు. మంచు కరగ్గానే ఓట్మార్ పెట్టె పట్టుకుని దిగుతాడు. ఎర్విన్‌కున్న సంసారమల్లా అదే.

“ఫ్యాక్టరీవాళ్ల కాగితం చదివావా?” అన్నాడు ఎర్విన్. “ఇద్దరం సంతకం పెడితేనే వచ్చే ఏడు బండి ఇస్తారట. రేపు రేసవగానే కావాలన్నారు.”

“చూస్తాలే.”

“వారం నుంచీ చూస్తూనే ఉన్నావు.”

ఎర్విన్ బయటికొచ్చాడు. బండి దగ్గర మెకానిక్ క్నాప్ గొలుసుకు గ్రీజు రాస్తున్నాడు.

“నీకొకటి చెప్పాలి. కోప్పడకూడదు,” అన్నాడు క్నాప్.

“చెప్పు.”

“మీవాడు మూడు రోజులుగా తెల్లారగానే ష్ట్రోబెల్ పెళ్లాం చెయ్యి పట్టుకుని రేసు దారంతా నడుస్తున్నాడు. మలుపు మలుపుకీ ఆగి అడుగులు లెక్కపెడుతున్నారు.”

“హెడ్విగ్‌తోనా? ఆవిడ మంచిది. పెళ్లికి ముందు ఆసుపత్రిలో నర్సు.”

“నర్సయితే ఏం, మన పోటీవాడి పెళ్లామేగా? ష్ట్రోబెల్ పక్క మనిషికి మోకాలు పోయింది. ఈ ఏటితో సరి. ఇక నువ్వే ఆలోచించుకో.”

ఎర్విన్‌కు ఒక సంగతి గుర్తొచ్చింది. నిన్న కాఫీ బండి దగ్గర నిలబడి తను చెయ్యి ఊపితే, ఓట్మార్ నాలుగడుగుల దూరంలోంచి ముక్కూ మొహం తెలియనివాడిలా వెళ్లిపోయాడు. ఏదో ధ్యాసలో ఉన్నాడులే అని సరిపెట్టుకున్నాడు. ఎంత వెర్రివాణ్ణి అనుకున్నాడు ఇప్పుడు.

మర్నాడు బండిని రేసు మొదలయ్యే గీత దగ్గరికి నెట్టుకొచ్చాక ఎర్విన్ ఉండబట్టలేకపోయాడు.

“నిజం చెప్పరా. నన్ను వదిలేస్తున్నావా?”

ఓట్మార్ చేతి తొడుగు బిగించుకున్నాడు. “ఇదే ఆఖరు రేసు, ఎర్విన్. చెబుదామనే అనుకున్నాను. నోరు రాలేదు.”

“ష్ట్రోబెల్ ఎంతిస్తానన్నాడు?”

“ష్ట్రోబెలా?” ఓట్మార్ పొడిగా నవ్వాడు. “ముందు బండి నడుపు. దిగాక తిడుదువుగాని.”

జెండా పడింది.

ఎర్విన్ కసికొద్దీ నడిపాడు. అడవిలో మలుపులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఇంతకుముందెప్పుడూ ఓట్మార్ ఇంత బాగా వేలాడలేదు. బండి వాలకముందే అతను వాలుతున్నాడు, తను బ్రేకు తొక్కకముందే చక్రం మీద ఉంటున్నాడు. ఒక్క మలుపులోనూ వెంట్రుకవాసి తేడా రాలేదు. ఇలాంటివాణ్ణా నేను పోగొట్టుకుంటున్నది అనుకుంటే ఎర్విన్‌కు కళ్లద్దాల లోపల నీళ్లు తిరిగాయి. ఇక మీదట ఎన్ని చలికాలాలొచ్చినా తలుపు తట్టేవాడుండడు.

ఆఖరి చుట్టులో ష్ట్రోబెల్‌ను ఒక బండి పొడవు దూరంతో వెనక్కి నెట్టి గెలిచారు.

జనం తాళ్లు దాటి వచ్చేశారు. ఎవరో ఎర్విన్ మెడలో దండ వేశారు. ఓట్మార్ పలక మీంచి లేవలేదు. మసి పట్టిన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్విన్ దండ తీసి అతని మెడలో వేశాడు.

“నీదేరా ఈ గెలుపు,” అన్నాడు. “తిడదామనుకున్నాను. చేతకావడం లేదు. ష్ట్రోబెల్ దగ్గరికే పో. నాలుగు డబ్బులు ఎక్కువొస్తే ఎవరైనా పోతారు. ఏడేళ్లు నా ప్రాణం కాపాడావు, ఆ మాట చాలు నాకు.”

ఓట్మార్ మెడలో పడ్డ దండను వేళ్లతో తడుముకున్నాడు.

“వెళ్లేముందు ఒకసారి చెయ్యి కలుపు,” అంటూ ఎర్విన్ చెయ్యి చాచాడు.

ఓట్మార్ అందుకోలేదు. ఎర్విన్ భుజం పక్కగా, ష్ట్రోబెల్ బండి చప్పుడు వచ్చే వైపు చూస్తున్నాడు. చుట్టూ అంతమంది చూస్తుండగా చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. ఎర్విన్‌కు తల కొట్టేసినట్టయింది. పగవాడికైనా ఇంత అవమానం చెయ్యరే అనుకుని చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

“నీ చెయ్యి ఎక్కడుందిరా, ఎర్విన్?” అన్నాడు ఓట్మార్.