పదకొండో నంబరు

"చెప్పులతోటి లోపలికి వస్తవా? ఎవరు రానిచ్చిండ్రు నిన్ను?"

భోజనం ముగించుకుని అప్పుడే తిరిగొచ్చిన ప్రశాంతి అరుపుకి, అద్దాల గది ముందు నిలబడ్డ మనిషి ఉలిక్కిపడ్డాడు.

నలభై దాటినవాడు. చేతుల నిండా డీజిల్ మరకలు. ఒక చెయ్యి డొక్కకు అదిమిపెట్టుకుని రొప్పుతున్నాడు.

వారం రోజులుగా మాదాపూర్‌లోని ఈ ల్యాబ్ గేటు దగ్గర కనిపిస్తున్నవాడే. "అంతా మంచిగున్నదా మేడం?" అని రోజూ పలకరించేవాడు. హైటెక్ సిటీ గుండ్రటి మేడ లేచినప్పటి నుంచి పనికోసం గేట్ల చుట్టూ తిరిగేవాళ్లకు లెక్కే లేదు. ఇతనూ ఆ బాపతే అనుకుంది ప్రశాంతి.

"కరెంటు పోయింది మేడం. గందుకే..."

"పోతే నీకేంది? జర దుమ్ము పడ్డా లోపలున్నదంతా ఖరాబయితది, ఎరుకేనా?"

ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. అద్దాల వెనక వెచ్చటి పెట్టెలో పెరుగుతున్నవి కిడ్నీ క్యాన్సర్ రోగుల రక్తం నుంచి తీసిన కణాలు. క్యాన్సర్‌ని గుర్తుపట్టడం వాటికి నేర్పి, టీకాగా మళ్లీ అదే రోగికి ఎక్కిస్తారు. ఎవరి కణాలు వాళ్లకే, ఇంకొకరికి పనికిరావు. ఇంకా ప్రయోగమే కాబట్టి సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. రోగి ఎవరో ల్యాబ్ వాళ్లకు తెలియకూడదని నియమం.

అందులో పదకొండో నంబరంటే ప్రశాంతికి ప్రాణం. మిగతావి మొరాయించినా అది మాత్రం ముద్దుగా ఎదుగుతోంది. పొద్దున్నే వచ్చి ముందు దాన్నే చూస్తుంది.

"ఒక్కపారి చూసి పోతా మేడం. అన్నీ మంచిగనే ఉన్నయా?"

"ఇదేమన్న ఎగ్జిబిషనా? నడువు బయటికి! మళ్ల ఇటు దిక్కు రాకు."

అతని మొహం పాలిపోయింది.

"మొత్తానికే రావద్దా మేడం?"

"మొత్తానికే!"

చేతులు జోడించి వెళ్లిపోయాడు.

చీపురు పట్టుకుని యాదమ్మ పరుగున వచ్చింది.

"అయ్యో, ఆయన్నెందుకు తిట్టినవ్ మేడం? జనరేటర్ చూసేటోడు పెండ్లికి పోయిండు. అరగంట సంది కరెంటు లేదు. గీ మనిషే గోడ దునికి వచ్చి జనరేటర్ చాలు చేసిండు."

అప్పుడు వినిపించింది ప్రశాంతికి, వెనక షెడ్డులో జనరేటర్ మోత.

పరుగున వెళ్లి పెట్టె ముల్లు చూసింది. వేడి పడిపోలేదు. ఇంకాస్త ఆలస్యమైతే పదకొండో నంబరు దక్కేది కాదు. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది. రేపు గేటు దగ్గర కనబడగానే చాయ్ తాగించి, తప్పయిందని చెప్పాలనుకుంది.

మర్నాడు అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

పది రోజులకు పదకొండో నంబరు టీకా సిద్ధమైంది. ప్రశాంతి తన చేతులతోనే ఐసు పెట్టెలో సర్ది ఆసుపత్రికి పంపింది. సాయంత్రానికి తెరవని పెట్టె అలాగే వెనక్కి వచ్చింది.

"పేషెంట్ రాలేదమ్మా," అన్నాడు ఫోన్లో ఆసుపత్రి డాక్టర్ మధుసూదన్. "గడ్డకట్టించి దాచు. మనిషిని వెతికిస్తున్నా."

రెండు నెలలు దాచింది. రోజూ అడిగింది. చివరికి ఒక మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు.

"ప్రశాంతీ, పదకొండు ఇంక పారేయొచ్చు. మనిషి పోయాడు."



"టీకా తయారుగ ఉంటే ఎటు పోయిండు సార్?"

"బోరబండలో గది ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయాడంట. ఎల్లేశం అని, జనరేటర్ మెకానిక్. మావాడు ఆ ఊరు పట్టుకుని వెళ్లేసరికి దినాలు కూడా అయిపోయినాయి."

ప్రశాంతి వెనక షెడ్డు వైపు తిరిగి చూసింది.

"వైద్యం మధ్యలో ఎందుకు వదిలేశాడని అడిగితే వాళ్లావిడ చెప్పిందంట... ల్యాబ్‌లో మేడమే మొత్తానికి రావద్దన్నదని."