తెల్లగడ్డ వాసన

బావిలోంచి చేద లాగి, వెల్లుల్లి వాసన పసిగట్టి, ఆ కొత్త మనిషి నీళ్లన్నీ నేల మీద కుమ్మరించాడు.

బిందెలతో కాచుకున్న ఆడవాళ్లు నిర్ఘాంతపోయారు.

వానలు మొహం చాటేసిన ఏడు అది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటి సంవత్సరం. పత్తికొండ పక్కనున్న ఆ పల్లెకు మిగిలింది ఆ ఒక్క బావి. అందులోనూ మోకాటి లోతు నీళ్లు.

"ఎవరప్పా నువ్వు? నీళ్లు పారబోస్తాండావే?" సుంకప్ప గద్దించాడు.

"నా పేరు లేవి అన్నా. ఈ నీళ్లు ఎవరూ తాగాకండి. తెల్లగడ్డ వాసనొస్తాండాది. పత్తికి కొట్టే కొత్త మందు పడిండాది ఇందులో."

సుంకప్ప ఒక అడుగు వెనక్కి వేశాడు.

నిన్న పొద్దుగూకే వేళ బావి గట్టున మందు డబ్బా కడుగుతుంటే, అది చెయ్యి జారి లోపల పడింది. సగం మందు ఉంది అందులో. ఊరికి తెలిస్తే తలెత్తుకు తిరగలేడు. ఒక్క డబ్బాకు ఏమవుతుందిలే అని సర్దుకున్నాడు. ఇంట్లో మాత్రం, "బావి నీళ్లు పాచి కంపు కొడ్తాండాయి, వంకలో చెలమ తవ్వి తెచ్చుకోండి" అన్నాడు.

లేవి భుజం మీది సంచి దించాడు.

"సున్నం తెచ్చినా. ఆ మందు రెండు సరుకులు ముడేసి చేసిందంట. నీళ్లలో నానితే ఆ ముడి దానంతటదే ఊడిపోతాది. కానీ నెలలు పడ్తాది. సున్నం పడితే జల్దీ ఊడుతాది. ఆమీట నీళ్లన్నీ తోడి పారబోసి, కొత్త ఊట రానీయల్ల."

"నీకెవరు చెప్పిరి?" ఓ ముసలాయన అడిగాడు.

"కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ. పత్తి పండే ఊర్లన్నీ తిరుగుతాండా."

ఒప్పుకోవడానికి సుంకప్పకు అంతకన్నా అదను దొరకదు. నోరు పెగిలింది గానీ, వచ్చింది వేరే మాట.

"లేవి అంట, కిరస్తానపోడు. మన చేద ముట్టింది చాలక, బావిలో ఏందో కలుపుతాడంట. ఆ సంచిలో ఏముండాదో ఎవరికి ఎరుక?"

అంతే. సంచి లాక్కుని సున్నం బాటలో కుమ్మరించారు. ఎవరో రాయి విసిరారు. లేవి చెవి దగ్గర చిట్లి రక్తం కారింది.

అతను సుంకప్ప ముఖంలోకి కాసేపు చూశాడు.

"నీ బిడ్డలకైనా చెప్పన్నా," అని మెల్లగా అని, వెళ్లిపోయాడు.

సుంకప్ప చెప్పలేదు. పిల్లలకు చెబితే ఊరికి చెప్పినట్టే. ఊరు మాత్రం బావి మైలపడిందని, శుద్ధి జరిగేదాకా నీళ్లు తోడడం మానేసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, మేకలు తోలుకొచ్చిన సుంకప్ప కూతురు తిరుపతమ్మ దప్పికకు తాళలేక ఆ బావి దగ్గరే కడుపునిండా తాగింది.

బండీ బస్సూ మారి పెద్దాసుపత్రి చేరేసరికి పిల్ల ఒళ్లు చల్లబడింది.

డాక్టరమ్మ రెప్పలు ఎత్తి చూసి, మెల్లగా మూసింది.

"పత్తి మందు. లేవి మీ ఊరికి రాలేదా?"

"వచ్చినాడమ్మా." సుంకప్ప బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరమ్మా ఆయప్ప?"

ఆమె తిరుపతమ్మ ముఖం మీదికి దుప్పటి లాగింది.

"పోయినేడు ఆయన భార్య, ఇద్దరు బిడ్డలు ఈ గదిలోనే పోయారు. వాళ్ల ఊరి బావిలో మందు ఒలకబోసి, ఎవరికీ చెప్పకుండా దాచింది ఆయనే."