పన్నెండో బొమ్మ చేతులు

బావా, తిట్టకు. ఫోన్ చేసి చెప్పడానికి నోరు రాక మెసేజ్ పెడుతున్నాను. రేపటి యుద్ధం ఆటకి పన్నెండుమంది సైనికులు కావాలన్నావు కదా. పదకొండు బొమ్మలే తయారయ్యాయి.

పన్నెండోవాడికి రెండు చేతులూ పైకెత్తి అతికించాను. వాటిలో తుపాకీ పెడితే, శత్రువు నెత్తి మీద బాదడానికి దూకుతున్నట్టు ఉంటుంది. అరచేతులకి జిగురు రాశాను. పది లెక్కపెట్టేలోపు తుపాకీ పెట్టకపోతే జిగురు ఆరిపోతుంది.

తుపాకీ దగ్గరికి తెచ్చానో లేదో, తాతయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"పెట్టకురా."

"వదులు తాతయ్యా, ఆరిపోతోంది! తుపాకీ లేనివాణ్ణి ఆటలోకి రానివ్వరు."

"అతని చేతుల్లో ఏమీ లేదు."

"అందుకేగా పెడుతున్నా! నీ కళ్లజోడేదీ?"

తాతయ్య నవ్వలేదు. మిలిటరీలో పదిహేనేళ్లు చేసినా, యుద్ధం గురించి ఒక్క ముక్క చెప్పని మనిషి.

"బాదడానికి కాదురా. లొంగిపోతున్నాడు."

"నీకెలా తెలుసు?"

"కాల్చేశాక దగ్గరికెళ్లి చూశాను."